ఒక్క నంబరు మీద ఇద్దరు పిల్లలు

ఈ చలికాలం మొదలయ్యేటప్పటికి మా ఇంట్లో ఒకటే ఫోను. అది మా ఆయన చొక్కా జేబులో ఉండేది. పొద్దున ఆయన పాఠం చెప్పే జూనియర్ కాలేజీకి, సాయంత్రం చౌరస్తాలో వేసిన తెలంగాణ దీక్ష టెంటు కిందికి, ఆయనతోపాటే అదీ పోయేది. దుబాయి నుంచి మా బావగారు దానికే చేసేవారు. ఆయన గొంతు వినాలంటే మా తోడికోడలు, నేను అక్కా అని పిలుస్తాను, మా ఆయన ఇంటికి వచ్చేదాకా కాచుకుని ఉండేది. మా అమ్మ నాతో మాట్లాడాలన్నా ఆ నంబరే. నాకు వేరే ఫోను కావాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఎంసీఏ చదివి, ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని పని చేస్తున్న నాకు కూడా తోచలేదు. ఎక్కడ ఏ కాగితం మీద ఫోన్ నంబరు అడిగినా, ఇంటి నంబరు రాసినంత మామూలుగా, అందరం ఆ నంబరే రాసేవాళ్లం.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదంతా దాని మీదే జరిగింది.

ఇది రాస్తుంటే నా పాప పక్కనే పడుకుని ఉంది. రెండు వాక్యాలు రాయడం, ఆగి ఆమె ఛాతీ వంక చూడటం. నిద్రలో కూడా పక్కటెముకల కింద చర్మం లోపలికి పోయి బయటికి వస్తుంది. పుట్టినప్పటి నుంచి పాలు తాగుతూ తాగుతూ మధ్యలో వదిలేసి రొప్పేది. చలి రోజుల్లో కూడా పాలు తాగేటప్పుడు నుదుటి మీద చెమట పట్టేది. తోటి పిల్లలు బోర్లా పడి పాకుతుంటే ఈమె మెత్తగా, తేలికగా, చేతిలో ఎలా పెడితే అలాగే ఉండేది. మా పట్నం పిల్లల డాక్టరు గొట్టం పెట్టి చాలాసేపు విని, గుండెలో చప్పుడు తేడాగా ఉంది, హైదరాబాద్‌లో గుండె డాక్టరుకు చూపించండి అన్నాడు.

హైదరాబాద్ ఎంతో దూరం కాదు. ఆ నెలల్లో మాత్రం అయింది. ఈ రోజు బంద్, రేపు రాస్తారోకో. ఒకసారి బస్సు ఎక్కి నర్సాపూర్ దాకా పోయి, రోడ్డు మీద కాలుతున్న టైర్ల పొగ చూసి అదే బస్సులో వెనక్కి వచ్చాం. ఆ రోడ్డు మీద కూర్చున్నవాళ్లలో మా ఆయన విద్యార్థులు ఉన్నారు. ఆయన దిగి వాళ్లతో మాట్లాడాడు. వాళ్లు పాపను చూసి దారి ఇస్తామన్నారు గానీ అటువైపు ఇంకా ఎన్నిచోట్ల కూర్చున్నారో వాళ్లకూ తెలియదు. డ్రైవరు ముందుకు రానన్నాడు. రాష్ట్రం రావాలని నాకూ ఉంది. ఆ రోజు మాత్రం ఆ మాట పైకి అనలేకపోయాను.

నేను పనిచేసే సెంటరు మా ఇంటికి దగ్గరే. నడిపేది ఉర్దూ మాట్లాడే ఒక భాయ్. వాళ్ల నాన్న అక్కడే గడియారాలు బాగుచేసేవాడట. ఆ సన్నని గదిలోనే ఇప్పుడు గోడ వెంట కంప్యూటర్లు. పరీక్ష ఫలితాలు చూడటం, దరఖాస్తులు నింపడం, ఫోటోలు ప్రింటు తీయడం భాయ్ పని. బడులకు, దుకాణాలకు చిన్నచిన్న వెబ్‌సైట్లు తయారుచేయడం నా పని. మధ్యాహ్నం వరకు పని చేసి ఇంటికి వచ్చి పాపకు పాలు ఇచ్చేదాన్ని.

అలాంటప్పుడు మా పట్నంలోని ఒక సేవా సంఘం వాళ్లు హైదరాబాద్ నుంచి పిల్లల గుండె డాక్టరును ఒక రోజు ఉచిత శిబిరానికి పిలిపిస్తున్నారని తెలిసింది. సంఘం సెక్రటరీ, రిటైరైన హెడ్‌మాస్టరు, తానే సెంటరుకు వచ్చాడు. జనం తోసుకోకుండా ముందే కంప్యూటర్‌లో పేర్లు నమోదు చేయాలని, ఒక్కరోజులో డాక్టరు చూడగలిగినంతమందికే టోకెన్లు ఇవ్వాలని ఆయన ఆలోచన.

"అమ్మా, గిది నువ్వే జెయ్యాలె. పుణ్యమొస్తది," అన్నాడు.

నాకు పుణ్యం సంగతి తోచలేదు. డాక్టరే మా ఊరికి వస్తున్నాడు, రోడ్డు ఎవరు మూసినా నా పాపను చూస్తాడు, అదొక్కటే తలలో తిరిగింది. ఆ పేజీ ఎంత ప్రేమగా రాశానో ఎవరికి చెప్పాలి.

చేసింది చిన్న పేజీనే. బిడ్డ పేరు, వయసు, ఊరు, బాధ ఏమిటి, ఫోన్ నంబరు. కింద ఒక బటన్. బటన్ నొక్కితే నింపినవన్నీ నేను రాసిన స్క్రిప్టుకు, అంటే వెనక నడిచే ప్రోగ్రాముకు చేరి, పేర్ల పట్టికలో పడతాయి. అలా చేర్చడానికి రెండు పద్ధతులున్నాయి. వివరాలను పైన అడ్రసు గడిలోనే, ప్రశ్నార్థకం గుర్తు తర్వాత ఒకదాని వెంట ఒకటి తగిలించి పంపడం ఒకటి. పైకి కనబడకుండా లోపల పెట్టి పంపడం రెండోది. నేను మొదటిది ఎంచుకున్నాను. ఏం పోయిందో, ఏం రాలేదో కంటికి కనిపిస్తుందని కాలేజీ ల్యాబులో మాకు అలా అలవాటు. టోకెను చూసుకోవడానికి కూడా అదే దారి పెట్టాను. అడ్రసు చివర ఫోన్ నంబరు కొడితే చాలు, ఆ నంబరు మీద ఉన్న బిడ్డ పేరు, టోకెను తెర మీదికి వస్తాయి.

మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. మా దగ్గర నెట్టు నిదానం. బటన్ నొక్కాక పేజీ కదలకపోతే భాయ్ మళ్లీ నొక్కుతాడు, ఇంకోసారి నొక్కుతాడు. ఒక్క బిడ్డ పేరే పట్టికలో వరసగా పడింది. సాయంత్రం సెక్రటరీ సారు చూసి తల పట్టుకున్నాడు.

"ఒక్క పిలగాని పేరు గిన్ని మాట్ల ఉంటె ఎట్లనమ్మా? డాక్టరు సారు ముంగట నా ఇజ్జత్ పోతది."

అప్పుడు ఆలోచించాను. పేర్లు కలుస్తాయి, ఊళ్లు కలుస్తాయి, వయసులు కలుస్తాయి. కలవనిది ఫోన్ నంబరు ఒకటే కదా. స్క్రిప్టులో ఒక షరతు పెట్టాను. వచ్చిన నంబరు పట్టికలో లేకపోతే కొత్త వరస చేర్చు, కొత్త టోకెను ఇవ్వు. ఉంటే కొత్త వరస వద్దు, ఉన్న వరసలోనే వివరాలు మార్చు. పరీక్షించి చూశాను. ఎన్నిసార్లు నొక్కినా ఒకే వరస. చక్కగా ఉంది. మా పుస్తకాల్లో కూడా అలాగే ఉండేది, ఒక మనిషికి ఒక నంబరు అని. ఆ పుస్తకాలు చదివి వచ్చి, ఇంటిల్లిపాదికీ ఒకే నంబరున్న ఇంట్లో కూర్చుని, నేను ఆ షరతు రాశాను.

ఆ వెంటనే పాప పేరు ఎక్కించాను. తొలి టోకెన్లలోనే ఆమెది వచ్చింది. ఇంటికి వచ్చి అత్తమ్మకు చెబితే, "దేవుడు సల్లగ జూడాలె," అని పాప నెత్తి మీద చెయ్యి పెట్టింది.

తర్వాత పాపకు జ్వరం తగిలి కొన్నాళ్లు సెంటరుకు పోలేదు. ఆ రోజుల్లోనే అత్తమ్మ అక్కతో, "వానికి గూడ రాయించు బిడ్డా. నెల సంది దగ్గుతుండు. పెద్ద డాక్టరాయె, ఊకెనే జూస్తడు," అని పంపించింది. వాడంటే అక్క కొడుకు. ఎక్కడ ఆడుకుంటున్నా దగ్గు వినబడేది. అక్క పోయింది. భాయ్ ఫారం నింపాడు. నంబరు అడిగాడు. అక్క ఇంటి నంబరు చెప్పింది. ఇంకేం చెబుతుంది? ఇంటికి వచ్చి, "నీ పని అల్కగనే ఉన్నది చెల్లె, ఇట్ల ఒత్తంగనే అట్ల టోకెనొచ్చింది," అని నవ్వింది. నేనూ నవ్వాను. నా పేజీ పనిచేస్తోందని.

జ్వరం తగ్గాక పోయేసరికి పేర్ల నమోదు అయిపోయింది. ఆ పూట టోకెన్లు ప్రింటు తీయాలి. ముందు నా పాపదే తీద్దామని అడ్రసు కొట్టి, చివర ఇంటి నంబరు చేర్చి ఎంటర్ నొక్కాను. తెర మీద అక్క కొడుకు పేరు వచ్చింది. వయసు, దగ్గు, అన్నీ వాడివి. టోకెను నంబరు మాత్రం నాకు కంఠతా వచ్చిన నంబరు. పాపది.

తప్పు నంబరు కొట్టానేమోనని మళ్లీ కొట్టాను. మళ్లీ వాడే. పట్టిక తెరిచి పాప పేరు వెతికాను. ఎక్కడా లేదు. ఏం జరిగిందో అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. నేను రాసిన షరతు నేను చెప్పినట్టే చేసింది. ఆ నంబరు ముందే ఉంది కాబట్టి కొత్త వరస వద్దనుకుంది. పాప వరసలో పాపను తుడిచి బాబును కూర్చోబెట్టింది.

భాయ్ నా మొహం చూసి లేచి వచ్చాడు. "క్యా హువా మేడం? పాపకు బాగుంది గదా?"

చెప్పాను. ఆయన కొంచెంసేపు తెర వంకే చూసి, "జర పరేషాన్ గాకుండ్రి. పాప పేరు మల్ల కొడదం. అంతే గదా?" అన్నాడు.

అంతే అయితే బాగుండేది. పాప పేరు పోయిందని నాకు తెలుసు కాబట్టి వెతికాను. ఇంకెవరి పేర్లు పోయాయో ఎలా తెలియాలి? చెరిగిన వరసకు చెరిగిన గుర్తు కూడా ఉండదు. పట్టిక మొదటి నుంచి చివరిదాకా నిండుగా, శుభ్రంగా ఉంది. ఒక్క ఖాళీ లేదు.

భయంతోనో, అలవాటుతోనో మళ్లీ అడ్రసు కొట్టడం మొదలుపెట్టాను. మొదటి అక్షరాలు పడగానే, కింద ఒక చిన్న పరదా జారినట్టు, ఆ కంప్యూటర్‌లో అంతకుముందు కొట్టిన అడ్రసులన్నీ కనబడ్డాయి. ఒక్కొక్క అడ్రసులో ఒక్కొక్క బిడ్డ. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు పేర్లు, ఉర్దూ పేర్లు. పేరుకూ ఇంటిపేరుకూ మధ్య ఖాళీలో కంప్యూటరు పెట్టుకున్న ప్లస్ గుర్తు. తర్వాత వయసు, ఊరు, నంబరు. నేను వివరాలను పైకి కనబడేలా పంపబట్టి అవి అక్కడ మిగిలాయి.

"భాయ్, అన్ని కంప్యూటర్లల్ల గిది ఉంటది. ఇవి రాసుకుందాం," అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. "జుమ్మాకు తుడ్సిన గదా మేడం."

కాలేజీ పిల్లలు చెడ్డ పేజీలు చూసిపోతారనీ, తర్వాత కూర్చున్న ఆడపిల్లలకు ఆ అడ్రసులు కనబడతాయనీ, ఆయన ప్రతి శుక్రవారం నమాజుకు పోయేముందు అన్ని కంప్యూటర్లలోని పాత అడ్రసులు చెరిపేస్తాడు. చాలా మంచి అలవాటు. నేనే ఎన్నోసార్లు మెచ్చుకున్నాను. అంటే శుక్రవారం తర్వాత వచ్చిన పిల్లలే దొరుకుతారు. ముందు వచ్చినవాళ్లు లేరు.

దొరికినవాళ్లను పట్టికతో పోల్చి చూశాం. చెరిగిపోయింది ఎక్కువగా ఒక ఇంటి అన్నదమ్ముల పిల్లలు, అక్కాచెల్లెళ్లు. పాపన్నపేట వైపు పల్లెల నుంచి మాత్రం ఒకే ఒక్క పేరు పట్టికలో ఉంది. శుక్రవారానికి ముందు ఒకరోజు ఆటో నిండా తల్లులు, పిల్లలు దిగినట్టు భాయ్‌కి బాగా గుర్తు. ఆ పేరు పక్కనున్న నంబరుకు భాయ్ ఫోను నుంచే చేశాను. ఎత్తింది ఆ ఆటో నడిపే అతను.

"అన్నా, మీ దిక్కు పిల్లల పేర్లు నీ నంబరు మీద రాయించిన్రా?"

"నా నంబరే గద మేడం మా గల్లీకంత. పెండ్లి సంబంధమొచ్చినా నాకే జేస్తరు, బర్రె తప్పిపోయినా నాకే జేస్తరు. ఏమాయె?"

"ఎవరెవరి పిల్లలు వచ్చిన్రో జర యాదికి తెచ్చుకొని చెప్పు అన్నా. మల్ల రాయాలె."

"ఒకపారి రాసిన్రు గద?"

"రాసినం. పోయినయి."

అతను ఆటోలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఆ వరసలో చెప్పడం మొదలుపెట్టాడు. ముందు సీట్లో తన పక్కన, వెనక ఈ మూల, ఆ మూల, మధ్యలో ఒళ్లో. నేను ఒక్కొక్కరినే ఎక్కించాను. ఈసారి షరతు తీసేసి ఎక్కించాను. "గంతే అనుకుంట మేడం," అన్నాడు చివరికి. ఆ 'అనుకుంట' నా చెవిలో ఉండిపోయింది.

కొత్తగా ఎక్కించినవాళ్లందరికీ టోకెన్లు చివర్న వచ్చాయి. పాపను కూడా అక్కడే చేర్చాను. ఇక్కడ ఒక్క సంగతి రాయాలి. పట్టిక నా చేతిలోనే ఉంది. ఒక్క వాక్యం కొడితే బాబు చివరికి పోతాడు, పాప తన టోకెను మీదికి వస్తుంది. ఆ వాక్యం కొట్టి, ఎంటర్ మీద వేలు పెట్టి కూర్చున్నాను. వెనక నుంచి అక్క నవ్వు వినబడినట్టే ఉంది, ఇట్ల ఒత్తంగనే అట్ల అని. వాడూ బిడ్డే. వాడి దగ్గు ఉత్త దగ్గే అని ఎవరు చెప్పారు? ఆ వాక్యం చెరిపేశాను.

సెక్రటరీ సారుకు చెబితే చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. పేర్లు మాయమైనందువల్ల జాగా ఉందనుకుని ఆయన అప్పటికే ఇంకొందరిని చేర్చుకున్నాడు. ఇప్పుడు వీళ్లు అదనం. "గీళ్లను ఆఖరుకు పెడదం. టైముంటే జూస్తడు. లేకుంటే నేనేం జెయ్యాలె జెప్పు," అన్నాడు. మా ఆయన టెంటు దగ్గరి నుంచి పోయి అడిగినా అదే మాట.

ఇంట్లో ఎలా చెప్పాలో తెలియలేదు. అన్నం దగ్గర చెప్పాను. అత్తమ్మకు అర్థమైంది ఒక్కటే.

"ఊరందరి పేర్లెక్కించినవు. నీ బిడ్డ పేరెటు పాయె? గిందుకేనా గన్ని సదువులు సదివింది?"

మా ఆయన, "అమ్మా, ఊకో," అన్నాడు.

"నేనెందుకు ఊకుంట? దుకాణపోళ్లకు బోర్డులు రాస్తది, బడులోళ్లకు బోర్డులు రాస్తది. పిల్లనేమో ఇంట్ల ఇడ్సిపెట్టి పోతది."

అక్క వంట గది గడపలో నిలబడి అంతా విన్నది. గిన్నెలు తోమేటప్పుడు నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "టోకెను నీ బిడ్డదా చెల్లె? నిజం జెప్పు."

"టోకెను నంబరు దానిదే అక్కా. పేరు వానిది."

ఆమె గిన్నె కడిగి బోర్లించింది.

డాక్టరు వచ్చిన రోజు బంద్ లేదు. శిబిరం ఒక బడిలో. పొద్దున్నే వరండా నిండా పిల్లలు, స్వెటర్లు, కుళ్లాయిలు. గేటు దగ్గర సంఘం కుర్రవాళ్లు నేను ప్రింటు తీసిన జాబితా పట్టుకుని పేర్లు చూసి లోపలికి పంపుతున్నారు. నేను పాపను ఎత్తుకుని అక్క పక్కన కూర్చున్నాను. అత్తమ్మ బాబును ఒళ్లో పెట్టుకుని ఉంది. పిల్లలు త్వరత్వరగా లోపలికి పోయి వస్తుంటే నాకు ఆశ పుట్టింది. ఇలా అయితే మధ్యాహ్నానికల్లా చివరి వరసకు వస్తారనుకున్నాను.

కాసేపటికి సెక్రటరీ సారు వరండాలోకి వచ్చి ఎవరితోనో ఫోనులో గట్టిగా మాట్లాడాడు. నర్సాపూర్ దగ్గర మళ్లీ రోడ్డు మీద కూర్చోబోతున్నారట. డాక్టరు అంతకంటే ముందే దాటిపోవాలి. చెప్పిన టైముకంటే తొందరగా వెళ్లిపోతాడని ఆ నోటా ఈ నోటా వరండా అంతా పాకింది. పాపను ఇంకా దగ్గరికి పట్టుకున్నాను. అలా పట్టుకుంటే ఆమె రొప్పుతుందని తెలుసు, అయినా వదల్లేకపోయాను.

అప్పుడే బాబు టోకెను పిలిచారు. అత్తమ్మ వాడిని ఎత్తుకుని లేచింది. అక్క ఆమె చేతిలోని టోకెను తీసుకుని నా చేతిలో పెట్టింది.

"పో."

"అక్కా..."

"నడువు జల్ది. మల్ల ఎవలన్న అడుగుతరు."

అత్తమ్మ నిర్ఘాంతపోయింది. "ఏందే నువ్వు జేసేది? పిలగాడు నెల సంది దగ్గుతుండు."

"దగ్గుతడు అత్తమ్మా. దగ్గినా బతుకుతడు," అన్నది అక్క. గొంతు పెంచలేదు. "టోకెను దానిదే. మనోడు దాని జాగల గూసున్నడు, గంతే."

నేను లోపలికి పోయాను. డాక్టరు కాగితం మీది పేరు చూసి, పాప గౌను చూసి, "బాబు అని ఉందేమిటి?" అన్నాడు. "పేరు తప్పు పడింది సార్," అన్నాను. ఆయన గీత కొట్టి పాప పేరు అడిగి రాసుకున్నాడు. గొట్టం అరచేతిలో వెచ్చచేసి ఛాతీ మీద పెట్టాడు. వెనక పెట్టాడు. మళ్లీ ముందు. పాప ఏడవలేదు. ఆయన మొహం వంక చూస్తూ ఉంది. పాలు తాగేటప్పుడు చెమట పడుతుందా అని అడిగాడు. ఎవరూ చెప్పకుండానే ఆయన ఆ మాట అడిగాడు. పడుతుంది సార్, ఈ చలిలో కూడా, అన్నాను.

"గుండె గదుల మధ్య రంధ్రం ఉన్నట్టుంది. చిన్నదైతే మూసుకుంటుంది. ఈ చప్పుడు చూస్తే చిన్నదిలా లేదు. స్కాన్ చేస్తేగానీ చెప్పలేను. మా ఆసుపత్రికి తీసుకురండి. బంద్‌లు అవీ అని వాయిదా వేయకండి."

బయటికి వచ్చేసరికి గేటు దగ్గర గొడవగా ఉంది. పాపన్నపేట ఆటో వచ్చింది. ఆటో అతను చెప్పిన తల్లులందరూ జాబితాలో ఉన్నారు, లోపలికి వచ్చి కూర్చున్నారు. ఒక్కామె బయటే ఉండిపోయింది. చిన్న వయసు, టేక్మాల్ నుంచి ఆ గల్లీకి ఈమధ్యే వచ్చిన కోడలట. చంకలో ఒక పిల్లవాడు. వాడి పెదాలు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి.

"నీ పేరు లేదమ్మా ఇండ్ల. పక్కకు జరుగు," అంటున్నాడు గేటు దగ్గరి కుర్రవాడు.

"కంప్యూటర్ల వడ్డది సారూ. తెర మీద నా కండ్లతోని జూసిన. గా తురకాయన సదివి గూడ ఇనిపిచ్చిండు."

ఆటో అతను నేనెవరో కనుక్కుని దగ్గరికి వచ్చాడు. అతని మొహం చూడలేకపోయాను. "ఆనాడు ఈమె బండ్ల వెనక నిలవడి వచ్చింది మేడం. సీట్ల గూసున్నోళ్లనే యాదికి తెచ్చుకున్న," అన్నాడు.

నేను కుర్రవాడి చేతిలోని జాబితా తీసుకుని కింద పెన్నుతో ఆ పిల్లవాడి పేరు రాశాను. లోపలికి రానిచ్చారు. ఆమె వరండా చివర గోడకు ఆనుకుని కూర్చుంది. చివరి టోకెన్లవాళ్లు ఇంకా సగం మంది ఉండగానే డాక్టరు చెప్పులు తొడుక్కున్నాడు. సెక్రటరీ సారు చేతులు జోడించి అందరికీ ఏదో చెబుతున్నాడు. జీపు గేటు దాటేటప్పుడు ఆమె లేచి రెండడుగులు వేసింది, మళ్లీ ఆగింది. అక్క కొడుకు నా కొంగు పట్టుకుని దగ్గుతున్నాడు. ఆమె నా వంక చూసింది. నా చేతిలోని డాక్టరు చీటీ వంక కూడా చూసింది. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ తర్వాత భాయ్ సెంటర్‌లోనే ఆ హైదరాబాద్ ఆసుపత్రి పేజీ తెరిచి పాపకు, గేటు దగ్గర ఆగిపోయిన ఆ తల్లి పిల్లవాడికి రోజు తీసుకున్నాను. అందులోనూ ఫోన్ నంబరు అడిగే గడి ఉంది. అక్కడ వేళ్లు ఆగిపోయాయి. దాని వెనక ఎవరు ఏ షరతు రాశారో నాకేం తెలుసు? పాపకు ఇంటి నంబరు, ఆ పిల్లవాడికి భాయ్ నంబరు ఇచ్చాను. అప్పటి నుంచి రోజూ పోగానే ఆ రెండు అడ్రసులూ కొట్టి చూస్తున్నాను. ఇద్దరూ ఉన్నారు. అక్క ఒకటే నవ్వు. "ఇగ ఆ నంబరు మీద దేవుని పేరు గూడ రాయనియ్యను, ఊకో," అంటుంది. అత్తమ్మ మాత్రం ఆ రోజు నుంచి అక్కతో సరిగా మాట్లాడటం లేదు. బాబు దగ్గు తగ్గింది. అయినా మాట్లాడటం లేదు.

మొదట ఇచ్చిన రోజు బంద్ పడింది. మళ్లీ తీసుకున్నాను. అది రేపే. పెద్ద రోడ్డు ఉంటుందో ఉండదో తెలియదు. ఆటో అతనే ఊళ్ల లోపలి దారుల వెంట నర్సాపూర్ దాటిస్తానన్నాడు. అక్కడి నుంచి మా ఆయన స్నేహితుడి జీపు. ఆ తల్లిని, పిల్లవాడిని కూడా బండిలో తీసుకురమ్మని చెప్పాను. అతను వాళ్లింటికి పోయి వచ్చి సాయంత్రం ఫోన్ చేశాడు.

"ఆమె నమ్ముతలేదు మేడం. ఒకపారి పేరు రాసిన్రు, పోయింది. మల్ల రాస్తే గక్కడ ఎవలు పిలుస్తరు అంటున్నది. ఆమె మామ గూడ ఒప్పుకుంటలేడు."

"పేరు సంగతి అడగద్దని చెప్పు అన్నా. నేను చెయ్యి పట్టుకొని తోలుకపోత అని చెప్పు."

"చెప్త. బండెక్కితే రెండుపార్లు మిస్డ్ కాల్ ఇస్త. ఎక్కకుంటే ఒక్కపారే ఇస్త. మీరు తయారుండుండ్రి."

రాత్రి మా ఆయన ఫోను జేబులోంచి తీసి నా దిండు పక్కన పెట్టాడు. "రేపు గిది నీ దగ్గరనే ఉంచుకో," అన్నాడు. నిద్ర రాక ఇదంతా రాస్తూ కూర్చున్నాను. పాప ఒంటి మీద అక్క అల్లిన స్వెటరు ఉంది, బాబుది, చేతులు పొడుగు. మడిచి పెట్టాను. మడతలోంచి వేళ్లు కనబడుతున్నాయి. గోళ్లు ఏ రంగులో ఉన్నాయో ఈ వెలుతురులో సరిగా తెలియడం లేదు.

కిటికీ బయట చీకటి పలచబడుతోంది. ఇప్పుడే ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది. పాపను లేపలేదు. చేతిలో పట్టుకుని రెండోదాని కోసం చూస్తున్నాను.